ఉప్పునీటి చేపలకు మైలుతుత్తం

ఇపోకు సముద్రం లేదు. చుట్టూ సున్నపురాతి కొండలు, మధ్యలో కింటా నది. ఉప్పుగాలి తగలాలంటే లుముత్ దాకా, అంటే ఎనభై కిలోమీటర్ల పైచిలుకు, కారులో పోవాలి. అయినా ఈ మధ్య మన తెలుగు కుటుంబాల హాళ్లలోకి సముద్రమే వచ్చి కూర్చుంటోంది. 2003లో వచ్చిన నీమో సినిమా చూసి పెరిగిన పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులయ్యారు. వాళ్ల పిల్లలకూ అదే నారింజరంగు చారల చేప కావాలి, పక్కన ఆ నీలిరంగు చేపా కావాలి. డబ్బాల్లో సముద్రపు ఉప్పు దొరుకుతుంది, కొలిచి నీళ్లల్లో కలుపుకుంటే చాలు. పది వారాల్లో తొట్టి తయారు.

తొట్టి వచ్చిన ఇంటికి వెనకాలే జబ్బు వస్తుంది. జబ్బు వచ్చిన ఇంటినుంచి మాకు ఫోను వస్తుంది. మనుషుల వైద్యం చదివినవాళ్లకు చేపల వైద్యం దానంతటదే వస్తుందని మన సంఘంలో ఎవరు ప్రచారం చేశారో గాని, "డాక్టరుగారూ, చేప ఒంటిమీద ఉప్పు చల్లినట్టుందండీ" అన్న మాట మాకు ఇప్పటికి బాగా అలవాటైపోయింది. మేమిద్దరం ఆరేళ్లుగా ఒక ఉప్పునీటి తొట్టి పెంచుతున్నాం గనుక ఈ విషయం కొంత చదువుకోక తప్పలేదు. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పే బదులు ఇక్కడ రాసేస్తే మేలనిపించింది.

ముందుగా ఒక మాట. కోస్తా జిల్లాలవారికి తెల్లమచ్చ అనగానే రొయ్యల చెరువులు గుర్తుకొస్తాయి. 1994-95లో నెల్లూరు నుంచి గోదావరి జిల్లాల దాకా చెరువులను తుడిచిపెట్టిన ఆ జబ్బు వైరస్ వల్ల వచ్చేది, రొయ్యలది. మనం చెప్పుకునేది వేరు. ఇది చేపలకు పట్టే ఏకకణ పరాన్నజీవి, పేరు క్రిప్టోకేరియన్ ఇరిటాన్స్. బ్రౌన్ అనే శాస్త్రజ్ఞురాలు 1951లో దీనికి ఆ పేరు పెట్టారు. మంచినీటి చేపలకూ తెల్లమచ్చల జబ్బు ఉంది, చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది గాని ఆ జీవి వేరు, దీనికి దగ్గర చుట్టం కూడా కాదు. ఈ తేడా తెలియక జరిగే నష్టం అంతా ఇంతా కాదు. మంచినీటి చేపలు పెంచి తలపండిన పెద్దమనిషి ఎవరో, "నీళ్లు కాస్త వెచ్చబెట్టి గుప్పెడు ఉప్పు వెయ్యండి, అదే పోతుంది" అని సలహా ఇస్తాడు. ఆయన చేపలకు ఆ వైద్యం పనిచేస్తుంది. సముద్రపు చేపకు గుప్పెడు ఉప్పు వెయ్యడమంటే మన ఇళ్లల్లో ఆవకాయలో ఇంకాస్త కారం వేసినట్టే, తినేవాడికి తేడా కూడా తెలియదు. నిజానికి ఈ జీవికి గిట్టనిది ఉప్పు తగ్గడం.

ఇంతకీ ఈ జీవి బతుకు ఎలా సాగుతుందో తెలిస్తే వైద్యం సగం తెలిసినట్టే. చేప ఒంటిమీద మనకు కనబడే తెల్లచుక్క చర్మం పైపొర కింద దూరి, అక్కడి కణాలను తింటూ, గుండ్రంగా తిరుగుతూ లావెక్కుతున్న ఒక్క జీవి. మూడు నుంచి ఏడు రోజులు అలా తిని, బలిసి, చేపను వదిలి కిందికి రాలుతుంది. ఇసుకనో రాయినో గాజునో పట్టుకుని, చుట్టూ గట్టి తొడుగు కట్టుకుని, లోపల ముక్కలు ముక్కలుగా విడిపోతుంది. ఒక్క తొడుగులోంచి రెండు వందలకు పైగా పిల్లలు బయటికి రావచ్చు. అవి వచ్చేది ఎక్కువగా చీకట్లో, చేపలు ఒకచోట కదలకుండా నిద్రపోయే వేళకు. ఎంత తెలివో చూడండి. ఈదే ఆ పిల్లకు ఆయుష్షు ఒకటి రెండు రోజులు. ఆలోగా చేప దొరక్కపోతే చస్తుంది.

సముద్రంలో దానికి చేప దొరకడం కష్టం. అంత నీటిలో రెండు వందల పిల్లల్లో ఏ ఒకటో రెండో గమ్యం చేరితే గొప్ప. అందుకే సముద్రంలో చేపకు ఒకటీ అరా చుక్క ఉన్నా ప్రాణం మీదికి రావడం అరుదు. మన హాలులోని రెండు వందల లీటర్ల గాజుపెట్టెలో మాత్రం చేప ఎక్కడికి పోతుంది? ఒక చుక్క వారం తిరిగేసరికి వంద చుక్కలవుతుంది. వలల పంజరాల్లో సియాకప్, కెరాపు చేపలు పెంచే మలేషియా రైతులకూ ఇదే బాధ. ఒకచోట కిక్కిరిసి ఉండడమే జబ్బుకు బలం. పెనాంగ్‌లోని సైన్స్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన లియాంగ్ టాక్ సెంగ్ ఆగ్నేయాసియాలో పెంచే సముద్రపు చేపల పరాన్నజీవుల మీద 1994లో ఒక పుస్తకమే రాశారు.

ఇక అసలు సంగతికి వస్తాం. ఆ చుక్క మూడో రోజుకో అయిదో రోజుకో దానంతటదే రాలిపోతుందని పైన చెప్పాం. అంటే, మనం ఏ మందు వేసినా, ఏ మందూ వెయ్యకపోయినా, తాయెత్తు కట్టినా, వారం లోపల చేప ఒళ్లు తేటపడుతుంది. వెల్లుల్లి రసం వేసినవాళ్లు వెల్లుల్లిని మెచ్చుకుంటారు, అల్లం వేసినవాళ్లు అల్లాన్ని. అంగట్లో అమ్మే రంగురంగుల సీసాల్లో సగానికి పేరొచ్చింది ఈ లెక్కనే. మా వృత్తిలోనూ ఈ మాయ కొత్తది కాదు. జలుబు మందుకు వారం, మందు లేకపోతే ఏడు రోజులు అని మన పెద్దలు నవ్వుకునేవారు గదా. జలుబయితే నవ్వుకుని ఊరుకోవచ్చు. ఇక్కడ తేటపడిన ఆ నాలుగు రోజులే తొట్టి అడుగున తొడుగులు పండుతున్న రోజులు.

మన సంఘంలోని ఒక ఇంజనీరు మిత్రుడి ఇంట్లో జరిగింది చెబుతాం. వాళ్లమ్మాయికి తొమ్మిదేళ్లు. తొట్టిలో రెండు నీమో చేపలు, ఒక చిన్న డామ్సెల్ చేప, ఇసుకలో దొర్లే గోబీ చేప ఒకటి, ఏడాదిగా హాయిగా ఉన్నాయి. పుట్టినరోజుకు నాన్న నీలిచేప తెచ్చాడు. శనివారం కొన్నారు, శనివారమే తొట్టిలో వదిలారు. మంగళవారానికి నీలిచేప రెక్కలమీద చుక్కలు. అంగడివాడు వెల్లుల్లి సత్తు సీసా ఒకటి ఇచ్చాడు, మేతలో కలిపి పెట్టారు. శుక్రవారానికి చుక్కలు మాయం. ఆ వారాంతం ఇంట్లో పండగే. తరువాతి గురువారం పొద్దున్న చూస్తే అయిదు చేపలకూ ఒళ్లంతా చుక్కలు, నీలిచేప నీటిమట్టం దగ్గర నోరు తెరిచి ఎగరొప్పుతోంది. మాకు ఫోను వచ్చింది అప్పుడు.

చర్మం మీది చుక్కలు చూసి అందరూ భయపడతారు గాని, చంపేవి మొప్పల్లో మనకు కనబడకుండా ఉన్నవి. మొప్పలంటే చేపకు ఊపిరితిత్తులే. అక్కడి పొర చెడితే ఎంత గాలి బుడగలు వదిలినా ఊపిరి అందదు. చెడిన చర్మంలోంచి సూక్ష్మజీవులు కూడా దూరతాయి. అందుకని చేప మేత మాని, గబగబా మొప్పలాడిస్తుంటే చుక్కల కోసం ఎదురుచూడకూడదు.

ఆ రాత్రి మా ఇంట్లోని అరవై లీటర్ల ఖాళీ తొట్టి కారులో వేసుకెళ్లాం. అందులో ఇసుక, రాళ్లు, పగడపు ముక్కలు ఏవీ ఉండకూడదు. అవి సున్నపుజాతివి, మందును పీల్చేస్తాయి. దాక్కోవడానికి నాలుగు ప్లాస్టిక్ గొట్టపు ముక్కలు వేస్తే సరి. చేపలన్నిటినీ, చుక్కలు ఉన్నవీ లేనివీ అని చూడకుండా, అందులోకి మార్చాం.

మందు మన ఊళ్లో ప్రతి రైతుకీ తెలిసినదే, మైలుతుత్తం. ద్రాక్షతోటల్లో సున్నంతో కలిపి కొట్టే ఆ నీలిరాయి, రాగి లవణం. దాని బరువులో నాలుగో వంతుకు కాస్త పైగా మాత్రమే రాగి ఉంటుంది. స్వచ్ఛమైన మైలుతుత్తం ఒక గ్రాము 250 మిల్లీలీటర్ల శుద్ధజలంలో కరిగిస్తే, ఒక్కో మిల్లీలీటరులో సుమారు ఒక మిల్లీగ్రాము రాగి వస్తుంది. మనకు కావలసింది లీటరు తొట్టినీటికి 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాముల రాగి. అరవై లీటర్లకు 12 మిల్లీలీటర్లు చాలు. అదీ ఒక్కసారి పొయ్యకుండా సగం మొదటిరోజు, మిగతా సగం చూసుకుంటూ రెండోరోజు. 0.15 కన్నా తగ్గితే పరాన్నజీవి చావదు, 0.20 మీద పెరుగుతూ పోతే చేపకే ఆపద. ఆ సందు ఎంత ఇరుకో మాకు డిజాక్సిన్ వాడే రోగులను చూసి అలవాటే. రాగి నీటిలో నిలకడగా ఉండదు, సున్నపు లవణాలతో కలిసి అడుక్కి దిగిపోతుంది. పరీక్ష సీసాతో పొద్దునా సాయంత్రం కొలిచి, తగ్గినంత మళ్లీ పొయ్యాలి. పిడికిటి లెక్కన, చెంచా లెక్కన పోసేవాళ్లు దయచేసి ఈ మందు జోలికి పోకండి. అంగట్లో దొరికే కట్టుబడి రాగి మందులకు లెక్క వేరు, సీసామీద రాసినదే పాటించాలి, ఆ సంఖ్యలనూ ఈ సంఖ్యలనూ కలపకూడదు.

ఇప్పుడు కిటుకు చెబుతాం. ఈ రాగి చేప చర్మంలో దూరి ఉన్న జీవిని చంపదు. తొడుగులో ఉన్నదాన్నీ చంపదు. చంపేది ఆ ఒకటి రెండు రోజులు నీటిలో ఈదే పిల్లలను మాత్రమే. అంటే మనం దారికాచి ఉండాలి, ఒక్కో తొడుగు పగిలే వేళకల్లా నీటిలో రాగి సిద్ధంగా ఉండాలి. అందుకే మూడు వారాలు. చుక్కలు పోయాయి గదా అని పదోరోజున మానేస్తే పడ్డ శ్రమంతా వృథా. వైవాక్స్ మలేరియాకూ ఇదే తంతు. క్లోరోక్విన్ రక్తంలోని జీవిని చంపుతుంది, జ్వరం తగ్గుతుంది. కాలేయంలో నిద్రపోతున్నది మాత్రం అలాగే ఉంటుంది, దానికి ప్రైమాక్విన్ అని వేరే మందు, సాధారణంగా పద్నాలుగు రోజులు. జ్వరం తగ్గిన మూడోరోజే మాత్రలు మానేసి, నాలుగు నెలల తరువాత వణుకుతూ తిరిగొచ్చే రోగులను మేం ఇంటర్న్‌షిప్పు నాటినుంచీ చూస్తున్నాం.

మందు ఇష్టం లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. 1980ల్లో ఇజ్రాయెల్‌లోని ఐలాట్‌లో కొలోర్ని అనే ఆయన పరిశోధించి చూపిన పద్ధతి ఇది. చేపలను మూడు రోజులకోసారి శుభ్రంగా ఎండబెట్టిన కొత్త తొట్టిలోకి, కొత్త నీటిలోకి మార్చడం, వరుసగా నాలుగు మార్పులు. చేప మీంచి రాలినవి పాత తొట్టిలోనే ఉండిపోతాయి, వాటి పిల్లలు పుట్టే లోపల చేప కాపురం మార్చేస్తుంది. మన రాయలసీమ, తెలంగాణ ఊళ్లల్లో ప్లేగు వచ్చినప్పుడు ఊరు ఖాళీ చేసి పొలాల్లో పాకలు వేసుకున్న రోజులు మీ తాతగార్లను అడిగితే చెప్పి ఉండేవారు. ఆ సూత్రమే ఇది. రెండు తొట్లు, రెండు వలలు, ఓపిక ఉంటే చాలు, మాకయితే ఇదే ఎక్కువ ఇష్టం. ఆ ఇంట్లో చేపలు అప్పటికే బాగా నలిగిపోయి ఉన్నాయి, ప్రతి మూడు రోజులకూ పట్టి మార్చితే తట్టుకోవనిపించి రాగి ఎంచుకున్నాం.

నీలిచేప రెండోరోజు పోయింది. గోబీ నాలుగోరోజు పోయింది. నీమో చేపలు రెండూ, డామ్సెలూ నిలిచాయి.

పెద్ద తొట్టి సంగతి మిగిలింది. అందులో రాగి పొయ్యరాదు, పగడాలూ రొయ్యలూ నత్తలూ అన్నీ చస్తాయి. దానికి మందు ఖాళీతనమే. చేప లేకుండా ఉంచితే పుట్టిన పిల్ల పుట్టినట్టే చస్తుంది, రొయ్య మీదా పగడం మీదా అది బతకలేదు. ఎన్నాళ్లు? చాలా తొడుగులు వారం పది రోజుల్లోనే పగులుతాయి గాని, ఆలస్యంగా పగిలేవి కొన్ని ఉంటాయి, నీరు చల్లనయితే రెండు నెలలు దాటినా ఆశ్చర్యం లేదు. చేపలు పెంచేవాళ్లలో 76 రోజులన్న లెక్క ఒకటి స్థిరపడింది. వెచ్చని నీటిలో అంత అక్కర్లేదని వాదించేవాళ్లూ ఉన్నారు. మేం మాత్రం డెబ్బై ఆరే చెబుతాం. 1901లో క్లాంగ్‌లో మాల్కం వాట్సన్ జ్వరపడ్డవాళ్లకు క్వినైన్ ఇవ్వడంతో ఆగలేదు, ఊరి చుట్టూ చిత్తడినేలల నీరు తీయించాడు. అంతకు నాలుగేళ్ల ముందే, 1897 ఆగస్టు 20న, మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని చూశాడు. రోగిని బాగుచేసి రోగం పుట్టే చోటును వదిలేస్తే పని సగమేనని వాట్సన్‌కు తెలుసు.

పాపకు అది అర్థం కావడానికి టైము పట్టింది. చేపల్లేని తొట్టికి దీపాలు వెలుగుతుంటే కోపం వచ్చేది. వాళ్లమ్మ తెలుగు క్యాలెండరు మీద రోజుకో గీత గీయించింది. నలభయ్యో గీత నాడు మేం వెళ్లినప్పుడు, "అంకుల్, మొదటి మంగళవారమే మీ మందు వేస్తే మా నీలిచేప బతికేదా?" అని అడిగింది. పక్కనే వాళ్ల నాన్న నించున్నాడు. ఈ ప్రశ్న మాకు ఆసుపత్రి వరండాల్లో బాగా పరిచయం, పెద్దవాళ్లు వేరే మాటల్లో అడుగుతారు. అక్కడ చెప్పే గుండ్రటి జవాబులు తొమ్మిదేళ్ల పిల్లముందు నోటికి రాలేదు. "బతికే అవకాశం చాలా ఉండేదమ్మా" అన్నాం. ఆయన తల దించుకున్నాడు. ఆ పిల్లే కాసేపు ఆలోచించి, "నాన్నకు చుక్కలు పోతాయని తెలీదుగా" అంది. ఆ మాట ఆయనకు ఎంత ఊరటనిచ్చిందో గాని, మాకు మాత్రం ఈ వ్యాసం రాయాలనిపించింది అప్పుడే.

ఇంకో జబ్బును గురించి రెండు ముక్కలు. ఒంటిమీద ఉప్పు చల్లినట్టు కాక పసుపు ధూళి పట్టినట్టుంటే, చేప వెలుతురుకు ముఖం తిప్పుకుంటే, అది వెల్వెట్ అనే వేరే పరాన్నజీవి. రెండు మూడు రోజుల్లోనే తొట్టి మొత్తం ఖాళీ చేయగలదు, ఆలోచించడానికి టైము ఉండదు. దానికి రాగీ పనిచేస్తుంది, క్లోరోక్వినూ పనిచేస్తుంది. ఇక్కడే మాకు పేచీ వస్తుంది. "మీరు డాక్టర్లు గదా, క్లోరోక్విన్ చీటీ రాసివ్వండి" అంటారు. రాయం. మనిషి పేరు మీద చీటీ రాసి చేపకు మందు వెయ్యడం మా వల్ల కాదు, పశువైద్యుడిని అడగండి. 2020 మార్చిలో అమెరికాలో, ఆరిజోనా రాష్ట్రంలో, చేపల తొట్టికని ఇంట్లో ఉంచుకున్న క్లోరోక్విన్‌ను కోవిడ్ రాకుండా ఉంటుందని ఒక దంపతులు మింగారు. భర్త చనిపోయాడు. ఇంట్లో పిల్లలున్నవాళ్లు మైలుతుత్తం సీసా మీద కూడా పెద్ద అక్షరాలతో విషం అని రాసి, అందని చోట పెట్టండి. ఆ నీలిరంగు పిల్లలకు షర్బత్తులా కనబడుతుంది.

ఇన్ని తంటాలూ లేకుండా పోయే మార్గం ఒక్కటే, కొత్త చేపను నేరుగా తొట్టిలో వదలకపోవడం. నెలరోజులు వేరే ఉంచి చూడాలి. ఆరోగ్యంగా కనబడినా సరే. ఒకసారి ఈ జబ్బు పడి బతికిన చేపకు కొంత నిరోధకశక్తి వస్తుంది, చుక్కలు బయటపడవు, జీవి మాత్రం మొప్పల్లో ఉండవచ్చు. మన వాళ్లు విశాఖ, శ్రీకాకుళం వైపునుంచి కూలీలుగా ఈ దేశానికి వచ్చిన కాలంలో, పెనాంగ్ పక్కన జెరెజాక్ దీవిలో వచ్చినవాళ్లను కొన్నాళ్లు నిలిపి చూసేవారు. బాగాన్ దాతో కొబ్బరితోటల్లో స్థిరపడ్డ పాత తెలుగు కుటుంబాల్లో ఆ దీవి పేరు ఇంకా వినబడుతుంది, ప్రేమగా మాత్రం వినబడదు. చేపకు మన చేతిలో అంతకంటే మంచి మర్యాద జరిగితే చాలు. దాక్కోవడానికి చోటు, రోజూ శుభ్రమైన నీరు, కడుపునిండా మేత.

డెబ్బై ఏడోరోజు మూడు చేపలూ పాత తొట్టికి తిరిగొచ్చాయి. పాప నీలిచేప మళ్లీ అడగలేదు. అడిగితే ఈసారి దానికోసం ముందే ఒక తొట్టి సిద్ధం చేస్తామని వాళ్ల నాన్న మాతో అన్నాడు.

మా అరవై లీటర్ల తొట్టి ప్రస్తుతం ఖాళీగానే ఉంది, కావలసినవాళ్లు ఒక ఫోను చేసి తీసుకెళ్లవచ్చు. రాగి పట్టిన తొట్టి గనుక అందులో పగడాలు, రొయ్యలు వెయ్యకండి. చిన్న తూకం కూడా ఇస్తాం, గ్రాములో వందో వంతు దాకా చూపిస్తుంది. వల మాత్రం ఎవరిది వాళ్లు కొనుక్కోవాలి. తడి వల ఇంటింటికీ తిరిగితే జబ్బు కూడా దానితోపాటే తిరుగుతుంది.